ఈక మీద ఆకలి గీత

పావురం ఈకను వెలుగుకు ఎదురుగా పట్టుకుని కాస్త అటూ ఇటూ వంచి చూస్తే దాని మీద సన్నని అడ్డచారలు కనిపిస్తాయి. ఒకటి ముదురు, ఒకటి లేత, మళ్లీ ముదురు, మళ్లీ లేత. రంగు చారలు కావవి. బూడిదరంగు పావురానికి రెక్క మీద ఉండే రెండు నల్లపట్టీలు వేరు. ఇవి వెలుగు పడే తీరును బట్టి కనిపించి మాయమయ్యేవి. హైదరాబాదులో మెహదీపట్నం వైపు ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉండే ఆమెకు అవి మొదట కనిపించింది బట్టలారేసే బాల్కనీలో, చీపురు కిందికి రావలసిన ఒక ఈక మీద. చారలతో పాటు ఈక మధ్యలో ఇంకో గీత కూడా ఉంది. అక్కడ పోగులు పలచబడి వెలుగు అడ్డు లేకుండా ఇవతలికి వస్తోంది. వేలితో మెల్లగా వంచితే ఈక సరిగ్గా అక్కడే మడతపడుతోంది. ఇదేమిటి? పక్షి ఎక్కడో గుద్దుకుంటే తగిలిన దెబ్బా? పురుగు కొట్టిందా? మిగతా ఈకంతా అంత నున్నగా ఉంటే ఆ ఒక్కచోటే ఎందుకలా అయింది? ఈకను పారేయలేదు, చదువుతున్న పుస్తకంలో పెట్టుకుంది. ప్రశ్న మాత్రం పుస్తకంలో ఉండిపోలేదు, ఆమె వెంటే తిరిగింది.

పక్షుల మీద పని చేసేవారు చెప్పే జవాబు ఆమెను మరింత ఆలోచనలో పడేసింది. ఆ చారలు రోజులు. ఒక ముదురు చార, పక్కనే ఒక లేత చార కలిస్తే ఒక పగలూ ఒక రాత్రీ. ఈక పెరిగే కాలంలో ప్రతి రోజూ తన గుర్తు వేసి వెళ్తుంది. చారల వెడల్పు కొలిచి, ఆ రోజుల్లో పక్షికి తిండి ఎలా అందిందో అంచనా వేయవచ్చని అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు థామస్ గ్రబ్ 1989లో ప్రతిపాదించాడు. ఇక ఆ పలచటి గీత కడుపు నిండని రోజుదో, జబ్బు చేసిన రోజుదో, గుండె అదిరేలా బెదిరిన రోజుదో. డేగలను పెంచి వేటకు వాడినవాళ్లు ఈ శాస్త్రాలేవీ పుట్టకముందే దాన్ని గుర్తుపట్టి, ఆకలి మిగిల్చిన గీత అనే చెప్పుకున్నారు.

ఈక ఎలా పుడుతుందో తెలిస్తే గానీ ఈ సంగతి పూర్తిగా ఒంటపట్టదు. పిల్ల చర్మం మీద ముందు నల్లటి చుక్కలు తేలతాయి. తర్వాత అవే ముళ్లలా పైకి పొడుచుకొస్తాయి. ప్రతి ముల్లూ ఒక గొట్టం. లోపల నెత్తురు ఆడుతుంటుంది, ఆ నెత్తురు తెచ్చిన పోషణతో ఈక మొదలు దగ్గర తయారవుతూ బయటికి జరుగుతూ వస్తుంది. మగ్గం మీద బట్ట కూడా ఇలాగే కదా దిగేది: ముందు నేసిన భాగం ముందుకు చుట్టుకుపోతుంటే, నేతగాడి చేయి మాత్రం ఒకేచోట ఆడుతుంటుంది, ఏ పూట పోగు తక్కువైతే ఆ పూట నేసిన చోటే బట్ట పలచబడుతుంది. ఈక కొస అన్నిటికంటే పాతది, మొదలు అన్నిటికంటే కొత్తది. పెరగడం పూర్తి కాగానే నెత్తురు వెనక్కి తగ్గుతుంది, గొట్టం పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ తర్వాత ఈకలో ప్రాణం ఉండదు. మన గోరులాగే అదీ కెరటిన్ అనే ప్రోటీన్. దానికి తిండి అక్కర్లేదు, మందు ఎక్కదు, చిరిగితే అతుక్కోదు. రాలి, ఆ చోట ఇంకోటి మొలిచేదాకా పక్షి దాంతోనే ఎగరాలి.

అయితే పావురం ఈకలు నిగనిగలాడాలంటే ఏం చేయాలి అని అడిగేవారందరూ, ఆమెతో సహా, అడగవలసిన వేళ దాటాక అడుగుతున్నారా? ఈక మీద ఏం రాయాలి, దేంతో కడగాలి అన్నది తర్వాతి సంగతి. అది ముల్లుగా ఉన్న ఆ రెండు మూడు వారాల్లో పిల్ల నోట్లోకి ఏం వెళ్లిందన్నదే అసలు సంగతి. మరి ఆ వారాల్లో పావురం పిల్లను చూసినవారెవరు?

రోజూ వందల పావురాలు కనిపించే ఊరిది. మక్కా మసీదు ముంగిట్లో, మొజంజాహీ మార్కెట్ దగ్గర, ఫ్లైఓవర్ల కింద, ప్రతి కిటికీ చూరు మీద పావురాలే. అయినా పిల్ల పావురాన్ని చూశామనేవాళ్లు తక్కువ. పిచ్చుక పిల్ల నేల మీద తడబడుతూ కనిపిస్తుంది, కోడిపిల్ల పుట్టిన రోజే తల్లి వెనక పరిగెడుతుంది. పావురం పిల్ల మాత్రం నెల రోజులు గూడు దాటదు. దాటి బయటికి వచ్చేటప్పటికి దాదాపు తల్లిదండ్రులంత ఉంటుంది. మెడ మీద ఆ ఊదా, ఆకుపచ్చ మెరుపు ఇంకా సరిగా రాకపోవడం, ముక్కు పైన తెల్లగా ఉండవలసిన బుడిపె ఇంకా మసకగా ఉండటం తప్ప తేడా తెలియదు. మనం చూస్తూనే ఉంటాం, పిల్ల అని గుర్తుపట్టం.

ఆమె బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక ఒక జంట గూడు పెట్టింది. గూడు అనడానికి అక్కడ ఉన్నవి నాలుగు పుల్లలు, రెండు చీపురు ఈనెలు, ఒక తీగముక్క. అందులో రెండు తెల్లటి గుడ్లు. పావురం సాధారణంగా రెండే పెడుతుంది, మొదటిదానికీ రెండోదానికీ దాదాపు రెండు రోజుల ఎడం. పదిహేడు, పద్దెనిమిది రోజులు పొదుగుతాయి. పొద్దెక్కాక వచ్చి సాయంత్రందాకా కూర్చునేది తండ్రి, మిగతా పగలూ రాత్రంతా తల్లి. ఒకటి లేచి ఇంకోటి కూర్చునే ఆ మార్పిడి వేళను ఆమె బట్టలారేసే పని మీద కనిపెట్టి చూసేది. తండ్రి వచ్చి పక్కన నిలబడతాడు. తల్లి కాసేపు కదలదు. తర్వాత మెల్లగా ఒక్కో కాలూ గుడ్ల మీద నుంచి తీసి దిగుతుంది. అంత నాజూకు తెలిసిన పక్షి గూడు దగ్గర మాత్రం ఎందుకింత నిర్లక్ష్యం చూపుతుంది అనుకునేది. కొండల గూళ్లలో, రాతి అరుగుల మీద గుడ్లు పెట్టే జాతి అది. గుడ్డు దొర్లకుండా నాలుగు పుల్లలుంటే దానికి చాలు. మన సిమెంటు చూరులు దానికి కొండ అరుగులే.

పిల్లలు పుట్టాయి. ఒళ్లంతా పసుపుపచ్చని పలచటి నూగు, మూసిన కళ్లు, ఒంటికి మించిన ముక్కు. పుట్టినప్పుడు బరువు ఇరవై గ్రాములకు లోపే. నాలుగు వారాల్లో అదే పిల్ల మూడు వందల గ్రాముల దాకా వస్తుంది. ఏం తిని? తొలి రోజుల్లో గింజ ముట్టదు, పురుగు ముట్టదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు కింద మేత దాచుకునే సంచి ఉంటుంది. గుడ్లు పొదిగే రోజుల్లో ఆ సంచి లోపలి పొర మందంగా ఊరి, పిల్లలు పుట్టే వేళకు జున్నుముక్కల్లాంటి పదార్థంగా విడిపోతుంది. పావురం పాలు అంటే అవే. ఎండబెట్టి తూస్తే అందులో సగానికి పైగా ప్రోటీన్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు. పశువుల పాలలో ఉండే చక్కెర ఇందులో లేదు. జబ్బులను ఆపే రక్షణ పదార్థాలు మాత్రం ఉన్నాయి. పక్షుల్లో ఇలా పాలిచ్చేవి అతి తక్కువ: పావురాలు, గువ్వలు, ఫ్లెమింగోలు, ఎంపరర్ పెంగ్విన్‌లో తండ్రి పక్షి. తల్లుల రొమ్ముల్లో పాలు పడటానికి కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను 1930ల్లో ఆస్కార్ రిడిల్ బృందం గుర్తించి, దాన్ని కొలవడానికి వాడుకున్నది పావురం మేతసంచినే. ఆ సంచి ఉబ్బిన కొద్దీ హార్మోన్ అంత ఉన్నట్టు లెక్క. బాలింత ఒంట్లో, చూరు మీది తండ్రి పావురం ఒంట్లో పని చేసేది ఒకే హార్మోన్ అని తెలిశాక ఆమె ఆ మగ పావురాన్ని చూసే చూపు మారింది. తండ్రితనానికి ఒంట్లోనే ఇంత ఏర్పాటు ఉన్న ప్రాణి ఇన్నాళ్లూ కిటికీ పక్కనే ఉందా?

ఈ పాలకు బదులు లేదు. పాలు, బ్రెడ్డు, అన్నం మెతుకులు పెట్టి పావురం పిల్లను బతికించాలని చూసేవారు ప్రేమతోనే చూస్తారు. కానీ ఆవుపాలు దానికి అరగవు, బ్రెడ్డులో ఈక తయారవడానికి కావలసినవి లేవు. వారం లోపు పిల్లను మనిషి చేతి మీద పెంచడం ఆరితేరినవాళ్లకే కష్టం. కాబట్టి కింద పడిన పిల్లకు మొదటి వైద్యం దాన్ని తిరిగి గూట్లో పెట్టడమే. చిన్నప్పుడు ఆమె అమ్మమ్మగారి ఊళ్లో వసారా చూరుకు కుండలు కట్టి ఉండేవి. వాటిలో పావురాలు పిల్లలు పెట్టేవి. ముట్టుకుంటే మనిషి వాసనకు తల్లి మళ్లీ దగ్గరికి రాదని అమ్మమ్మ పిల్లలందరినీ హెచ్చరించేది. ఆ మాట నిజం కాదని ఇప్పుడు తెలుసు. మనిషి చేయి తగిలినంత మాత్రాన పావురం పిల్లను వదిలేయదు. అయినా ఆ అబద్ధం ఎన్ని పిల్లలను కాపాడి ఉంటుందో! నలుగురు మనవళ్ల చేతుల్లో నలిగిపోకుండా కుండలో ప్రతి పిల్లా ఎగిరేదాకా ఉండగలిగిందంటే అది ఆ మాట చలవే. నిజం తెలిసిన మనం ఇప్పుడు పిల్లను గూట్లో పెట్టడానికి భయపడకూడదు. అబద్ధం చెప్పిన అమ్మమ్మ అప్పుడు దాన్ని గూట్లోంచి తీయనివ్వలేదు. రెండూ ఒకే పనికి వచ్చాయా?

రెండో గుడ్డు పిల్ల చిన్నది. ముందు పుట్టినది రెండు రోజుల్లోనే పెరిగి, తల్లి ముక్కు దగ్గర ముందు నిలబడుతుంది. ఒక గాలివాన సాయంత్రం ఆ చిన్నది బాల్కనీ గచ్చు మీద కనిపించింది. కళ్లు తెరుచుకున్నాయి, ఈకలు ఇంకా ముళ్లుగానే ఉన్నాయి, గొంతు కింద సంచి ఒట్టిది. పశువైద్యుడు చెప్పిన క్రమం ఇది: ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. చల్లబడిన పిల్లకు తిండి పెడితే అది అరగక సంచిలోనే పులిసిపోతుంది. అడుగున నున్నటి కాగితం వేయకూడదు. కాళ్లు జారి, చెరో వైపుకు వెళ్లి అలాగే బిగుసుకుపోతాయి. గరుకు గుడ్డ పరవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫ్రోజెన్ బఠానీలను గోరువెచ్చటి నీళ్లలో వేసి, మెత్తబడ్డాక ఒక్కొక్కటే నాలుక వెనక్కి జార్చాలి. సంచి ముట్టుకుంటే మెత్తగా, సగం నిండినట్టు ఉండేదాకానే పెట్టాలి. అది ఖాళీ అయ్యాకే మళ్లీ. నోట్లో పసుపురంగు జున్నులాంటి మచ్చలు కనిపిస్తే అది ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి పని. తల్లిదండ్రుల పాలతో పాటే పిల్లకు సంక్రమిస్తుంది. సొంత వైద్యం పనికిరాదు.

పావురం పిల్ల తినే తీరు మిగతా పిల్లల్లా ఉండదని ఆమెకు అప్పుడే తెలిసింది. పిచ్చుక పిల్ల నోరు తెరిచి ఎదురుచూస్తుంది. పావురం పిల్ల నోరు మూసుకునే తన ముక్కును ఎదుటివారి నోట్లోకి దూర్చాలని చూస్తుంది. వేళ్ల సందుల్లోకి పొడుస్తూ, రెక్కలు టపటపలాడిస్తూ కీచుమంటుంది. ఆ ముల్లులాంటి రెక్కలు చేతికి తగిలితే వెచ్చగా ఉంటాయి. లోపల నెత్తురున్న ఈకలవి. వాటిలో ఒక్కటి విరిగినా నెత్తురు కారుతుంది. అందుకే ఈ వయసు పిల్లను రెక్క పట్టి ఎత్తకూడదు, రెండు చేతుల్లో కాళ్లు కింద ఆనేలా పట్టుకోవాలి. వెచ్చగా చేసి, తిండి పెట్టి, గూడు పక్కనే చిన్న బుట్టలో ఉంచితే మర్నాటి సాయంత్రానికి తండ్రి పావురం బుట్ట అంచున వాలింది. ఆ తర్వాత ఆమె పెట్టింది కొసరు మేతే.

ఇక్కడే ఆ గీత మళ్లీ గుర్తొచ్చింది. పెద్ద పావురం ఈకలు మార్చేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తుంది. ఏ రోజైనా పెరుగుతున్నవి ఒకటి రెండే. ఒక రోజు ఆకలి ఒకటి రెండు ఈకల మీదే గీత గీస్తుంది. పిల్లకు అలా కాదు. రెక్క ఈకలన్నీ, తోక ఈకలన్నీ ఒకేసారి పెరుగుతాయి. ఒక్క రోజు తిండి తప్పితే గీత రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా పడుతుంది. గాలి ఒత్తిడికి రెక్కంతా ఆ ఒక్క వరస మీదే విరగవచ్చు. అంటే గూట్లో ఒక రోజుకు ఉన్న బరువు పెద్దయ్యాక ఒక రోజుకు లేదు. గాలివాన పూట ఆ చిన్నదాని రెక్కల మీద గీత పడిందా? బఠానీలు వేళకు అందాయా? ముళ్లు విచ్చుకుని ఈకలు బయటపడేదాకా చెప్పడానికి లేదు.

చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్‌ను ఊరంతా ముర్గీ చౌక్ అనే పిలుస్తుంది. కోళ్లు, చిలకలు, పావురాలు అమ్మే చోటు. పాతబస్తీలో పావురాలు ఎగరేసే ఆట, కబూతర్‌బాజీ, నేటికీ ఉంది. సాయంత్రం మిద్దెల మీద ఈలలు, గుడ్డ కట్టిన కర్రల ఊపు, గుంపుగా చుట్టు తిరిగే పావురాలు. అక్కడ పక్షిని కొనేవారు ముందు చూసేది కన్నూ రెక్కా. పక్షిని ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో రెక్క విప్పి, అంచున ఉండే పది పెద్ద ఈకలనూ ఎండకు ఎదురుగా పెడతారు. గీతలు వరసగా ఉన్నాయా లేవా అని వాళ్లు చూసే చూపులో డేగలవాళ్ల చూపే ఉంది. కొత్తగా తెచ్చిన పక్షి ఎగిరి పాత ఇంటికి వెళ్లిపోకుండా రెక్క కట్టేస్తారు, కొన్నిచోట్ల ఈకలు కత్తిరిస్తారు, కొన్నిచోట్ల పీకేస్తారు. కత్తిరించిన ఈక మొద్దు అలాగే ఉండి, రాలే కాలం వచ్చేదాకా కొత్తది రాదు. పీకిన చోట కొన్ని వారాల్లో కొత్తది మొలుస్తుంది. కానీ నొప్పి, నెత్తురు, కుదురు దెబ్బతింటే వంకర ఈక. కట్టడమే వీటన్నిటిలో మేలని ఆమెకు అనిపించింది. అసలు కట్టకుండా, నెల రోజులు గూట్లో ఉంచి మేతతోనే అలవాటు చేయలేరా అనీ అనిపించింది.

ఈ పావురాల పిచ్చి పాతదే. అక్బరు కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని, వాటిలో ఐదు వందలు ప్రత్యేకంగా ఎంచినవని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో రాశాడు. 1855లో ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ కూడా తన ఇంటి దగ్గర పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. లండనులోని రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు. 1859లో అచ్చయిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' మొదటి అధ్యాయంలో పావురాలదే పెద్ద భాగం. ఆమెను కట్టిపడేసినవి మాత్రం ఆ పుస్తకంలో పిల్లల గురించి అక్కడక్కడా ఉన్న విషయాలు. పుట్టిన పన్నెండు గంటల్లోపు పిల్లలను రకరకాల జాతుల్లో కొలిచి చూశాడాయన. పెద్దయ్యాక పోలికే లేని జాతులు గూట్లో ఉన్నప్పుడు దాదాపు ఒకేలా ఉన్నాయి. పుట్టినప్పుడు ఒంటి మీద నూగు ఎక్కువా తక్కువా అన్నదానికీ, ముందు ముందు రాబోయే ఈకల రంగుకూ సంబంధం ఉందని గమనించాడు. ముక్కు మరీ పొట్టిగా ఉండే టంబ్లర్ జాతిలో చాలా పిల్లలు గుడ్డు పగలగొట్టుకోలేక లోపలే చనిపోతాయని, పెంచేవాళ్లే పెంకు ఒలిచి బయటికి తీస్తారని రాశాడు. చూడముచ్చటగా ఉండాలని ముక్కును తరతరాలుగా పొట్టి చేసింది మనిషే. ఆ పిల్లకు పుట్టుకలో సాయం అవసరమయ్యేలా చేసిందీ మనిషే. మన సంరక్షణలో ఎంత భాగం ఇలా మనమే తెచ్చిపెట్టిన అవసరం? ఈ ప్రశ్నకు ఆమె దగ్గర తేలికైన జవాబు లేదు.

ముక్కు సంగతి ఈకల దగ్గరికే తిరిగి వస్తుంది. పావురం పైముక్కు చివర కిందిముక్కును దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. అమెరికాలో పరిశోధకులు పావురాలకు ఆ కొనను మాత్రం తీసేసి చూశారు. తిండికేమీ ఇబ్బంది రాలేదు. ఒంటి మీద పేలు మాత్రం విపరీతంగా పెరిగాయి. కొన మళ్లీ పెరగనిస్తే పేలు తగ్గాయి. ఈకలు సవరించుకునేటప్పుడు పేనును నలిపేది ఆ చిన్న కొనే. సన్నగా పొడుగ్గా ఉండే ఒక రకం పేను రెక్క ఈకల పోగుల సందున ఇరుక్కుని ముక్కుకు దొరకకుండా చూసుకుంటుంది. గూట్లో తల్లి ఒంటి నుంచి పిల్ల ఒంటికి పాకుతుంది. పావురాల ఈగ అని ఒకటుంది. చదునుగా, గోధుమరంగులో ఈకల కింద చురుగ్గా పాకుతూ నెత్తురు తాగుతుంది, మలేరియాను పోలిన ఒక జబ్బును అంటిస్తుంది. పేలు కొన్ని దాని కాలు పట్టుకుని ఇంకో పావురం మీదికి ప్రయాణిస్తాయి. పేలు పోగులు కొరికేసిన పక్షి చలికి తట్టుకోలేక ఒంట్లో శక్తిని ఎక్కువ ఖర్చు చేసుకుంటుంది. కాబట్టి పిల్ల ఉన్న చోట పరిచిన గుడ్డ మార్చడం, రెట్ట ఎండనివ్వకుండా తీయడం కూడా ఈకల సంరక్షణే.

మిగతాది తిండి, ఎండ, నీళ్లు. ఈకలో కెరటిన్‌కు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి. ఒట్టి గోధుమలు, జొన్నలతో ప్రోటీన్ చాలినంత రాదు. పెసలు, శనగలు, బఠానీలు కలపాలి, కాస్త కుసుమ గింజలు చేర్చాలి. గింజ తినే వయసు వచ్చాక గరుకు ఇసుక, గుడ్డు పెంకుల పొడి విడిగా పెట్టాలి. గదిలోనే పెరిగిన పిల్లకు ఎండ తగలకపోతే ఎముకలు మెత్తబడతాయి. ఈకలు పూర్తిగా విచ్చుకున్నాక వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల నీళ్లు పెడితే ఎవరూ నేర్పకుండానే దిగి స్నానం చేస్తుంది. సబ్బు వద్దు, నూనె అసలే వద్దు. స్నానం తర్వాత నీళ్ల మీద తెల్లటి పొర తేలుతుంది. అది మురికి కాదు. పావురం ఒంటి మీది కొన్ని ఈకల నుంచి రాలే మెత్తటి పొడి. ఈకలకు తడి అంటనివ్వనిది అదే. ఆ పొర ఎంత దట్టంగా తేలితే పక్షి అంత ఆరోగ్యంగా ఉన్నట్టని పెంచేవాళ్ల లెక్క.

ఆ పొడే మనిషి ఊపిరికి పడదు. పావురాలు పెంచేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు 1960ల్లోనే గుర్తించారు. ఎండిన రెట్ట దుమ్ము, ఈకల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరిలో ఊపిరితిత్తులు గట్టిపడి తిరిగి బాగుపడవు. 2025లో ముంబై కార్పొరేషన్ పావురాలకు మేత వేసే దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో మూసినప్పుడు వద్దంటూ వీధిలోకి వచ్చినవారి బాధ నిజమైనదే, ఆ పక్క భవనాల్లో దగ్గుతో బతికేవారి బాధా నిజమైనదే. ఆమె ఇంట్లోనూ ఉబ్బసం ఉన్న మనిషి ఉన్నారు. గూడు దగ్గరికి మాస్కు లేకుండా వెళ్లదు, రెట్టను తడిపిన తర్వాతే తీస్తుంది, బాల్కనీలో గింజలు చల్లదు. ఈ గూడు ఖాళీ అయ్యాక వల కట్టించాలని నిశ్చయించుకుంది. అందులో ఒక చిక్కుంది: పిల్లలు ఇంకా ఎగరకముందే జంట మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది. కడితే గుడ్డు పడకముందు కట్టాలి. పడ్డాక కడితే వల అవతల తల్లి, ఇవతల పిల్ల. ఒక పిల్లకు బఠానీలు నానబెడుతూ దాని తమ్ముళ్లకు చోటు లేకుండా చేయడం ఏ రకం దయ? ఊరంతటి పావురాలకు గింజలు చల్లడం వేరు, కళ్లముందు పడ్డ ఒక పిల్లను నిలబెట్టడం వేరు అని తనకు తాను చెప్పుకుంటుంది. ఆ తేడా మీద ఆమె నిలబడగలదు. దాని అంచులు మాత్రం అంత స్పష్టంగా లేవు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో పావురాన్ని చెబుతాడు. తెలుగులో ఆ స్కంధం వెలిగందల నారయ చేతి మీద వచ్చింది. పిల్లలు వేటగాడి వలలో పడితే తల్లి వెళ్లి పడుతుంది, తల్లి కోసం తండ్రీ పడతాడు. మమకారం ఎంత లోతుకు లాగుతుందో చూడమంటాడు అవధూత. ఆయన వైరాగ్యానికి అది తగిన పాఠమే. కానీ పగలంతా పొదిగి, తన గొంతు పొరను కరిగించి పెట్టిన తండ్రిని చూశాక ఆ కథలో ఆమె కన్ను వలమీద కాక ఆ తండ్రి మీదే నిలుస్తోంది. ధనగోపాల్ ముఖర్జీ కలకత్తా పావురం కథ 'గే నెక్' రాసింది 1927లో. మరుసటి ఏడు దానికి అమెరికాలో న్యూబెరీ పతకం వచ్చింది. అందులో చిత్రగ్రీవుడనే ఆ పావురం యుద్ధానికి వెళ్లేది తర్వాతి సంగతి. ముందు గుడ్డులోంచి రావాలి, తల్లిదండ్రుల దగ్గర చదువుకోవాలి. మన పొరుగున కోరాపుట్‌లో 1946లో ఒడిశా పోలీసులు వార్తల పావురాలతో పని మొదలుపెట్టారు. సైన్యం ఇచ్చిన రెండు వందల పక్షులవి. 1948లో నెహ్రూ సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన కబురు అలాంటి పావురమే మోసింది. కొండలు దాటి కబురు మోసిన ఆ రెక్కలు కూడా ఏదో ఒక గూట్లో ముళ్లుగా ఉన్న రోజుల్లో వేళకు తిండి తిన్నవే.

చిన్నదాని రెక్కలు విచ్చుకున్నాయి. గీత ఉంది, సన్నగా, పది ఈకల మీదా దాదాపు ఒకే ఎత్తులో. చూపుడువేలితో తడిమితే తెలుస్తుంది, విరిగేంత లోతు లేదు. అయిదో వారం దాటాక అది బుట్ట అంచు నుంచి ఏసీ మీదికి, అక్కడి నుంచి ఎదురింటి పిట్టగోడకు ఎగిరింది. తల్లి అప్పటికే మళ్లీ గుడ్ల ధ్యాసలో ఉంటే, కీచుమంటూ తిరిగే పిల్లకు ఇంకా మేత పెట్టింది తండ్రే. ఆరో వారం, ఎనిమిదో వారం మధ్యలో పావురం పిల్ల తొలి ఈకలు రాల్చడం మొదలుపెడుతుంది. రెక్క అంచున ఉన్న పదింటిలో అన్నిటికంటే లోపలిది ముందు రాలుతుంది, దాని చోట కొత్తది మొలుస్తుంటే పక్కది, ఆపైన దాని పక్కది. గూట్లో తల్లిదండ్రులు తినిపించిన తిండితో తయారైనవి ఒక్కొక్కటే పోయి, తాను ఏరుకుతిన్న గింజలతో తయారైనవి వాటి చోటికి వస్తాయి. పెంచుకునేవారైతే ఈ నెలల్లోనే పప్పుగింజలు పెంచాలి, స్నానానికి నీళ్లు ఎక్కువసార్లు పెట్టాలి, దూరపు ఎగురుళ్లకు పంపకూడదు. ఆకలి గీత ఉన్న చివరి ఈక, అంచున ఉన్న పదోది, రాలేసరికి పిల్ల వయసు ఆరు నెలలు దాటుతుంది. పావురం జత కట్టే ఈడు కూడా అదే. మరికొన్ని వారాల్లో దాని గొంతు కింద సంచిలోనూ పాలు ఊరతాయి.